రుడాల్ఫ్ డీజిల్

కాలువ నీరందని మెట్టపొలంలో బావిగట్టున నిలిచి నీరు తోడే ఇంజను, రాత్రింబవళ్ళు రహదారిపై సరుకు మోసే లారీ, పల్లెను పట్టణంతో కలిపే బస్సు, సముద్రాలను దాటిపోయే ఓడ - వీటన్నింటితో ముడిపడిన పేరు ఒకటున్నది. అక్షరం ముక్క రాని రైతు సైతం ఆ పేరును తడబడకుండా పలుకుతాడు. అది ఒక నూనె పేరని తలచేవారే ఎక్కువ. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. ఆ మనిషి రుడాల్ఫ్ డీజిల్.

నిప్పు ముట్టించకుండా నూనెను మండించడం ఎలా అన్నది ఆయన తనకు తాను వేసుకొన్న ప్రశ్న. దానికి సమాధానం యౌవనంలోనే దొరికింది. కాని ఆ సమాధానం కడుపులో మరొక ప్రశ్న దాగి ఉన్నది. మండవలసిన నూనెను కనురెప్పపాటు కాలంలో పొగమంచంత సన్నని తుంపరగా చిమ్మడం ఎలా? చూడటానికి ఇది అల్పమైన విషయం. ఈ అల్పవిషయమే ఆయన చేత ఏళ్ళ తరబడి చాకిరి చేయించింది. ఆయన ఆరోగ్యాన్ని హరించింది. ఆయన కీర్తిని సైతం ప్రశ్నార్థకం చేసింది.

డీజిల్ 1858 మార్చి 18వ తేదీన పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు బవేరియా ప్రాంతపు జర్మనులు. తండ్రి థియొడోర్ పుస్తకాలకు అట్టలు కట్టే పనివాడు. తరువాత తోలుతో సంచులు, పెట్టెలు తయారుచేసేవాడు. తల్లి ఎలీజ్. సంపన్న కుటుంబం కాదు. తండ్రి చేసిన తోలు వస్తువులను తోపుడుబండిలో పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి చేరవేయడం బాలుడైన రుడాల్ఫ్ వంతు. తీరిక దొరికిన వేళ అతడు పారిస్‌లోని సాంకేతిక ప్రదర్శనశాలలో పాత యంత్రాల ముందు నిలిచి వాటి బొమ్మలు గీసుకొనేవాడు.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు మధ్య యుద్ధం వచ్చింది. పారిస్‌లోని జర్మనులు ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా కూడబెట్టుకొన్నదంతా వదలి ఆ కుటుంబం లండను చేరింది. అక్కడ అందరికీ తిండి దొరకడమే కష్టమైంది. పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను తల్లిదండ్రులు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణానికి, బంధువుల ఇంటికి పంపివేశారు. పినతండ్రి వరుసైన క్రిస్టోఫ్ బార్నికెల్ అక్కడి వృత్తివిద్యా పాఠశాలలో గణితం బోధించేవాడు. పరాయి ఊళ్ళో, తల్లి ఒడికి దూరంగా, ఆ బాలుడు చదువునే తోడు చేసుకొన్నాడు. పద్నాలుగేళ్ళు నిండే వేళకు తాను ఇంజనీరు కావలసినవాడనని నిశ్చయించుకొని ఆ మాట తల్లిదండ్రులకు లేఖ రాశాడు.

ఆగ్స్‌బర్గ్ పాఠశాలలో ఒక చిన్న గాజు పరికరం ఉండేది. గొట్టంలో ఒక దూది పీలికను ఉంచి, పిస్టన్‌ను ఒక్క ఊపున లోపలికి నెడితే దూది అంటుకొంటుంది. అగ్గిపుల్ల లేదు, రాపిడి లేదు. గాలిని బలంగా నొక్కినప్పుడు పుట్టిన వేడియే దానిని మండించింది. సైకిలు చక్రానికి గాలి కొట్టే పంపును కాసేపటి తరువాత తాకిచూసినవారికి ఈ సంగతి తెలియనిది కాదు. ఆ గాజు గొట్టమే డీజిల్ ఇంజనుకు తాతముత్తాత అనవచ్చు.

1875లో ఉపకారవేతనం సంపాదించి డీజిల్ మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. కొడుకు వెంటనే సంపాదనలో పడితే బాగుండునని ఇంటివారి కోరిక. అతడు వినలేదు. మ్యూనిక్‌లో అతనికి లభించిన గురువు సామాన్యుడు కాడు. కృత్రిమంగా మంచును, చల్లదనాన్ని తయారుచేసే యంత్రాలకు ఆద్యుడైన కార్ల్ ఫాన్ లిండే. 1878లో ఒకనాడు లిండే ఆవిరి యంత్రాన్ని గురించి పాఠం చెబుతూ దాని దుబారాను లెక్కగట్టి చూపాడు. బొగ్గులోని వేడిలో నూటికి ఆరు మొదలు పది పాళ్ళు మాత్రమే పనిగా మారుతున్నది. తక్కినదంతా పొగగొట్టం వెంట, ఆవిరి వెంట వ్యర్థమవుతున్నది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సాదీ కార్నో 1824లోనే వేడినుండి పొందగల పనికి సిద్ధాంతరీత్యా ఒక హద్దు చూపి ఉన్నాడు. ఆ హద్దుకు, వాడుకలోని యంత్రానికి నడుమ ఇంత అగాధమా అన్న విస్మయం ఆ విద్యార్థిని వదలలేదు. నోటుపుస్తకం అంచున ఆనాడు అతడు రాసుకొన్న చిన్న గుర్తు పదిహేనేళ్ళ తరువాత ఒక గ్రంథమైంది.

1879లో టైఫాయిడ్ జ్వరం వచ్చి పరీక్షకు హాజరు కాలేకపోయాడు. మరుసటి ఏడాది ఆరంభంలో పరీక్ష ఇచ్చి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. అటుపిమ్మట గురువు లిండే మంచు కర్మాగారపు పనిమీద పారిస్‌కు మళ్ళీ చేరాడు. 1883లో మార్తా ఫ్లాషెను వివాహమాడాడు. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. బ్రతుకు తెరువుకు లోటులేదు. అయినా పగటి ఉద్యోగం ముగియగానే అమ్మోనియా ఆవిరితో నడిచే యంత్రం కోసం ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. అవి ఫలించలేదు. ఆ వైఫల్యం నుంచే మరొక ఆలోచన మొలిచింది. ఆవిరి దేనికి? గాలినే నొక్కి, ఆ వేడిలోకి ఇంధనాన్ని పంపితే సరిపోదా?

1892లో బెర్లిన్‌లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1893లో అది మంజూరైంది. అదే ఏడాది తన సిద్ధాంతాన్ని పుస్తకంగా ప్రకటించాడు. ఆగ్స్‌బర్గ్ యంత్రాల కర్మాగారపు అధిపతి హైన్రిఖ్ ఫాన్ బూట్స్ మొదట సంశయించినా తరువాత అంగీకరించాడు. ఉక్కుకు పేరుమోసిన క్రుప్ సంస్థ కూడా కలిసింది. ముప్పై అయిదేళ్ళ డీజిల్ తాను బాల్యంలో దిక్కులేక చేరిన ఊరికే ఇప్పుడు యంత్రశిల్పిగా తిరిగివచ్చాడు.

1893 ఆగస్టు 10వ తేదీన మొదటి యంత్రాన్ని పరీక్షించారు. మనిషిని మించిన ఎత్తుగల ఇనుప చట్రం. తనంత తాను తిరగలేదు గనుక కర్మాగారపు పట్టీతో తిప్పారు. లోపల గాలి నొక్కుకుపోయిన తరువాత ఇంధనాన్ని వదిలారు. పిడుగు పడినట్లు శబ్దం వచ్చి, పీడనాన్ని కొలిచే పరికరం ముక్కలై ఎగిరింది. దగ్గర నిలిచినవారు ప్రాణాలతో బయటపడటం అదృష్టమే. పీడనం 80 వాతావరణాలకు చేరినట్లు తేలింది. డీజిల్ భయపడలేదు సరికదా, సంతోషించాడు. నిప్పు లేకుండా నూనె మండుతుందన్న తన నమ్మకం రుజువైంది. యంత్రం మాత్రం నడవలేదు.

ఇక్కడి నుంచి మొదలైంది అసలైన తపస్సు. ఈ కష్టం ఏమిటో కొంచెం వివరంగా తెలుసుకోవడం అవసరం.

ఎండిన మొద్దుకు నిప్పు పెడితే అంటుకోదు. దానినే గొడ్డలితో చీల్చి సన్నని పేళ్ళు చేస్తే భగ్గున మండుతుంది. కట్టె అదే, గాలికి తగిలే ఉపరితలం పెరిగింది. నూనె విషయమూ ఇంతే. ఒక మిల్లీమీటరు వ్యాసం గల ఒక్క బొట్టును మిల్లీమీటరులో నూరవ వంతు ఉండే చిరుబిందువులుగా విడగొడితే పది లక్షల బిందువులవుతాయి. నూనె పరిమాణం మారకుండానే దాని ఉపరితలం నూరు రెట్లవుతుంది. సిలిండర్‌లో పిస్టన్ పైకి చేరి, గాలి ముప్పై వాతావరణాలకు మించి నొక్కుకొని అయిదారు వందల డిగ్రీల వేడెక్కిన ఆ కొద్ది క్షణంలోనే నూనె లోపలికి రావాలి, చీలాలి, ఆవిరి కావాలి, గాలితో కలవాలి, మండాలి. వీటన్నింటికీ లభించే కాలం సెకనులో కొద్ది శతాంశాలు. నూనె ధారగా వస్తే గోడకు తగిలి మసిగా మారుతుంది. బొట్లు పెద్దవైతే పైపైన కాలి నడుమ పచ్చిగానే మిగిలి నల్లని పొగవుతుంది. ఆలస్యమైతే శక్తి పొగగొట్టం పాలవుతుంది. ముందే వస్తే యంత్రం కొట్టుకొంటుంది. అంతటి పీడనానికి ఎదురుగా నూనెను నెట్టగల పంపు గాని, వెంట్రుకంత రంధ్రాన్ని తప్పులేకుండా చేయగల పనిముట్టు గాని ఆ రోజుల్లో కర్మాగారాలలో లేవు.

డీజిల్ పంపుతో నూనెను నేరుగా నెట్టిచూశాడు. నాజిల్ కారింది. నూనెను ముందుగా ఆవిరి చేసిచూశాడు. నడక కుదరలేదు. పెట్రోలు, కిరోసిన్, వాయువు - ఇంధనాలు మార్చిచూశాడు. చివరకు మరొక దారి తొక్కాడు. సిలిండర్‌లోని గాలికంటె ఎక్కువ ఒత్తిడి గల గాలిని విడిగా ఒక కంప్రెసర్‌లో తయారుచేసి, ఆ గాలి విసురుతో నూనెను చెదరగొట్టి లోపలికి ఊదడం. చెరువుగట్టున వీచే ఈదురుగాలి అల తలను తుంపర చేసినట్లన్నమాట. నూనె మార్గంలో జల్లెడవంటి అడ్డులు పెట్టారు. తరువాతి కాలంలో చిల్లులున్న పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి వాటి గుండా నూనెను, గాలిని కలిపి పంపారు. నూనె మొదటిసారిగా మంచువలె విడిపోయింది.

1894 ఫిబ్రవరి 17వ తేదీన మార్చిన యంత్రాన్ని ఎప్పటివలె పట్టీతోనే తిప్పుతున్నారు. ఉన్నట్టుండి బిగువుగా లాగవలసిన పట్టీ వైపు మారి సడలింది. యంత్రం పట్టీని లాగుతున్నది గాని, పట్టీ యంత్రాన్ని లాగడం లేదు. దీనిని అందరికంటె ముందు గమనించినవాడు దొర కాదు, ఇంజనీరు కాదు. దగ్గర నిలిచిన మెకానిక్. అతడు ఏమీ మాట్లాడలేదు. తలపై టోపీ తీసి డీజిల్ వైపు చూశాడు. యంత్రం నిమిషం పాటు, 88 చుట్లు, తన బలంతో తాను తిరిగింది. ఆ నాటి ఆనందాన్ని ఆయన తన చివరి గ్రంథంలో కూడా మరువలేదు.

నిమిషంపాటు నడిచినది నమ్మకంగా నడవడానికి మరో మూడేళ్ళు పట్టింది. 1897లో, అదే ఫిబ్రవరి 17వ తేదీన, మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్స్ ష్రోయ్‌టర్ పర్యవేక్షణలో 20 అశ్వశక్తుల యంత్రాన్ని పరీక్షించారు. ఇంధనంలోని వేడిలో నూటికి 26 పాళ్ళకు పైగా పనిగా మారినట్లు తేలింది. లిండే తరగతిలో విన్న ఆరు, పది పాళ్ళ లెక్క ఎక్కడ, ఈ ఇరవయ్యారు ఎక్కడ! ఆ వేసవిలో కాసెల్ నగరంలో జరిగిన ఇంజనీర్ల మహాసభలో ఈ ఫలితాన్ని ప్రకటించినప్పుడు వినడానికి దేశదేశాల పారిశ్రామికులు ఉత్సుకత చూపారు. అమెరికా హక్కులను బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొన్నాడు. నిన్నటిదాకా ఇంటద్దెకు లెక్కలు వేసుకొన్న మనిషి నేడు కోటీశ్వరుల సరసన చేరాడు.

కాని కాసెల్‌లో చప్పట్లు కొట్టినవారి కర్మాగారాలలో ఆ యంత్రం ఏడాది తిరగకముందే మొరాయించింది. మొదట అమ్ముడైన యంత్రాలు మాటిమాటికి ఆగిపోయాయి. నూనె చిమ్మే భాగాలు మసితో మూసుకుపోయేవి. గాలినొక్కే కంప్రెసర్లు చెడిపోయేవి. ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్ పేరుతో వెలసిన కొత్త కర్మాగారం నిలదొక్కుకోలేదు. ఆవిష్కర్త తయారుచేసిన ఒక్క యంత్రానికి, వంద మంది కొన్న వంద యంత్రాలకు మధ్య ఎంత దూరమున్నదో ఆయన అప్పుడు గ్రహించాడు. 1898లో ఆయన నాడులు సడలిపోయి చికిత్సాలయంలో చేరవలసి వచ్చింది. తలనొప్పి ఆయనకు చిరకాల శత్రువు.

మరొక పోరు కూడా ఆయనను వెంటాడింది. మొదటి పేటెంటులో ఆయన ప్రతిపాదించిన దహనం ఒక తీరు. యంత్రంలో నిజంగా జరిగినది మరొక తీరు. వేడిమి పెరగకుండానే నూనె మండుతుందని తొలుత ఆయన ఊహించాడు. అది అసాధ్యమని ప్రయోగాలు తేల్చాయి. దిద్దుకొని రెండో పేటెంటు తీసుకొన్నాడు. అయితే ఆ తేడాను పట్టుకొని పోటీదారులు న్యాయస్థానాలకెక్కారు. ఇంగ్లండులో హెర్బర్ట్ ఆక్రాయిడ్ స్టూవర్ట్ 1890లోనే ముందుగా కాల్చిన గుండు సాయంతో నూనెను మండించే యంత్రానికి పేటెంటు పొంది ఉన్నాడు. గాలి విసురు లేకుండా నూనెను నేరుగా చిమ్మిన మార్గం ఆయనది. ఈ ఇద్దరిలో ఎవరు ముందు అన్న వాదం ఇంజనీర్ల మధ్య చాలాకాలం సాగింది. బయటి వేడి ఏదీ లేకుండా నొక్కిన గాలి వేడితోనే నూనెను మండించి, అంతటి సామర్థ్యాన్ని సాధించి చూపినవాడు డీజిల్ అన్నది మాత్రం నిలిచిన సత్యం.

1900లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. తండ్రి తోలు సంచులు మోసిన వీథులున్న నగరంలో కుమారుని యంత్రానికి అత్యున్నత బహుమతి లభించింది. ఆ ప్రదర్శనలోనే మరొక విశేషం జరిగింది. ఫ్రెంచి ప్రభుత్వపు కోరికపై ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారు. యంత్రంలో ఏ మార్పూ చేయలేదు. అది వేరుశనగ నూనెతో నడుస్తున్నదని చూసినవారిలో ఎక్కువమంది గుర్తించనే లేదు. ఆఫ్రికా వలసల్లో పండే వేరుశనగతో అక్కడి యంత్రాలు నడవాలన్నది ప్రభుత్వపు ఆలోచన. తరువాత డీజిల్ కూడా ఈ ప్రయోగాలు చేసి, మొక్కల నూనెలకు ఒకనాటికి ప్రాధాన్యం రాగలదని భావించాడు. ఒక శతాబ్దం తరువాత, 2000 ప్రాంతంలో, ఆదిలాబాదు జిల్లాలోని కొన్ని గిరిజన గ్రామాలలో కానుగ గింజల నూనెతో డీజిల్ ఇంజన్లు నడిపి విద్యుత్తు పొందారు. అక్కడ కూడా ఎదురైన చిక్కు పాతదే. మొక్కల నూనె చిక్కన; చిక్కని నూనె సన్నని తుంపరగా చీలదు, కనుక దానిని వేడిచేయాలి, లేదా రసాయన చర్యతో పలుచన చేయాలి.

డీజిల్ యంత్రాల మనిషి మాత్రమే కాదు. చిన్న పనివాడి చేతికి చవకైన చిన్న యంత్రం అందితే పెద్ద పెట్టుబడి ముందు అతడు తలవంచవలసిన పని ఉండదని ఆయన ఆశించాడు. 1903లో శ్రామికులు తమ చిన్న మొత్తాలను కూడబెట్టుకొని తమ పరిశ్రమలను తామే నడుపుకొనే ఒక పథకాన్ని పుస్తకంగా ప్రచురించాడు. పదివేల ప్రతులు అచ్చయ్యాయి. అమ్ముడుపోయినవి కొన్ని వందలు. తన పుట్టుకనుబట్టి ఆయన ఏ పనివారి కోసం కలలు కన్నాడో వారు ఆ పుస్తకాన్ని చూడలేదు. ఆయన యంత్రమేమో కొలతలో పెరిగి పెరిగి పెద్ద కర్మాగారాలకు, ఓడలకు, చివరకు జలాంతర్గాములకు చేరింది. గాలినొక్కే కంప్రెసర్ బరువు వల్ల దానిని చిన్నదిగా చేయడం ఆయన జీవితకాలంలో సాధ్యం కాలేదు. 1912లో డెన్మార్కులో కట్టిన సెలాండియా అనే ఓడ డీజిల్ ఇంజన్లతో కోపెన్‌హేగెన్ నుంచి హిందూ మహాసముద్రం మీదుగా బ్యాంకాక్ వెళ్ళివచ్చినప్పుడు, పొగగొట్టం లేని ఆ ఓడను చూసి రేవుల్లోని జనం అబ్బురపడ్డారు.

పైకి వైభవం. మ్యూనిక్‌లో రాజభవనం వంటి ఇల్లు, విశ్వవిద్యాలయపు గౌరవ డాక్టరేటు, అమెరికా పర్యటన. లోపల అప్పులు. ఇళ్ళస్థలాలలో, నూనెబావులలో పెట్టిన ధనం కరిగిపోయింది. లెక్కలలో నిష్ణాతుడైన ఆయన తన సొంత లెక్కను మాత్రం సరిచూసుకోలేదు. 1912 నవంబరులో బెర్లిన్‌లో తన యంత్రం పుట్టుక గురించి ఉపన్యసిస్తే, సభలోని ఆచార్యులు కొందరు ఆయన పాత్రను తక్కువ చేసి మాట్లాడారు. 1913లో ఆయన ఘనత అంతా కట్టుకథేనని చూపబోయే పుస్తకం కూడా ఒకటి వెలువడింది.

ఆ ఏడాది సెప్టెంబరు చివర ఇంగ్లండులో ఒక కంపెనీ సమావేశానికి బయలుదేరాడు. వెళ్ళేముందు భార్య చేతికి ఒక సంచి ఇచ్చి, వారం గడిచిన తరువాతనే తెరవమని చెప్పాడు. 29వ తేదీ సాయంత్రం బెల్జియంలోని యాంట్‌వర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే స్టీమరు ఎక్కాడు. తోటివారితో కలిసి భోజనం చేశాడు. ఉదయం ఆరుంబావుకు లేపమని చెప్పి పది గంటలవేళ తన గదికి వెళ్ళాడు. తెల్లవారి చూస్తే గదిలో ఆయన లేడు. పడక నలగలేదు, రాత్రి దుస్తులు మడత విప్పి సిద్ధంగా ఉన్నాయి, గడియారం పడక పక్కన కనబడేటట్లు ఉన్నది. ఓడ పై తట్టున కమ్మీల దగ్గర ఆయన టోపీ, పైకోటు దొరికాయి. పది రోజుల తరువాత ఒక డచ్చి పడవవారికి సముద్రంలో ఒక శవం కనిపించింది. జేబుల్లోని వస్తువులు తీసుకొని శవాన్ని నీటికే అప్పగించారు. మాత్రల డబ్బా, కళ్ళద్దాల పెట్టె, చిన్న కత్తి - వీటిని చిన్నకుమారుడు ఆయ్‌గెన్ తన తండ్రివిగా గుర్తించాడు. మార్తా తెరిచిన సంచిలో ఇరవైవేల మార్కులు, ఖాళీ అయిన బ్యాంకు ఖాతాల వివరాలు ఉన్నాయి. ఆయన దినచర్య పుస్తకంలో ఆ తేదీ దగ్గర ఒక శిలువ గుర్తు గీసి ఉన్నది. పరాయి దేశపు గూఢచారులు చంపారని, నూనె వ్యాపారులు చంపించారని పుకార్లు పుట్టాయి. వేటికీ ఆధారం దొరకలేదు.

ఆయన వదలివెళ్ళిన చిక్కుముడి తరువాతి తరం వారు విప్పారు. 1920లలో గాలి విసురు అవసరం లేకుండా నూనెనే అధిక పీడనంతో సన్నని రంధ్రాల గుండా చిమ్మే పంపులు వచ్చాయి. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ వాటిని పెద్దయెత్తున తయారుచేయనారంభించింది. బరువైన కంప్రెసర్ తొలగిపోయింది. డీజిల్ ఇంజను లారీలోకి, ట్రాక్టరులోకి, బావిగట్టు మీదకు దిగివచ్చింది. నేటి ఇంజన్లలో రెండువేల వాతావరణాలకు మించిన పీడనంతో, మిల్లీమీటరులో పదోవంతు అంతటి రంధ్రాల నుంచి నూనె దూకుతుంది.

మరికొందరు వింతదారి పట్టారు. నూనెను బయటినుంచి చీల్చడానికి బదులు లోపలినుంచే పగిలేటట్లు చేయరాదా అని ఆలోచించారు. నీరు, నూనె కలవవని లోకోక్తి. కాని వాటిని కలిపి ఉంచగల మూడో పదార్థాన్ని కొద్దిగా చేర్చి బాగా చిలికితే నూనెలో నీరు అతిసూక్ష్మ బిందువులుగా నిలుస్తుంది. దీనిని ఎమల్షన్ అంటారు. పాలు నీటిలో కొవ్వు బిందువులున్న ఎమల్షన్; వెన్న కొవ్వులో నీటి బిందువులున్న ఎమల్షన్. ఈ ఇంధనం రెండవ జాతిది. చూడటానికి మజ్జిగలా తెల్లగా ఉండే ఈ డీజిల్‌ను ఇంజనులోకి చిమ్మితే ప్రతి నూనెబొట్టు కడుపులోను నీటి చుక్కలుంటాయి. నూనె మరగడానికి చాలా వేడి కావాలి. నీటికి అంత అక్కరలేదు. నాలుగు వైపులా నూనె కమ్ముకొని ఉన్నందువల్ల నీరు మరిగే హద్దు దాటినా ద్రవంగానే ఓర్చుకొని, చివరకు ఒక్కసారిగా ఆవిరవుతుంది. పెద్ద బొట్టు వేయి చిరుబొట్లై చెల్లాచెదరవుతుంది. పోపు గరిటెలో తడి తగిలితే నూనె చిటపటలాడి చిందడం ప్రతి వంటింట్లోనూ ఉన్నదే. 1960లలో సోవియట్ పరిశోధకులు ఇవనోవ్, నెఫెదోవ్‌లు ఈ సూక్ష్మ విస్ఫోటనాన్ని వర్ణించారు. నీరు వేడిని పీల్చుకోవడం వల్ల మంట ఉధృతి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. బొట్టు మళ్ళీ చీలడం వల్ల మసి తగ్గుతుంది.

అయితే ఇందులోనూ పేచీలున్నాయి. ఎమల్షన్ డీజిల్ కంటె చిక్కన గనుక నాజిల్ నుంచి వెలువడేటప్పుడు దాని బొట్లు పెద్దవిగా ఉండి ఎక్కువ దూరం దూసుకుపోతాయి. లోపలి నీటి చుక్క మరీ చిన్నదైతే పేలేంత బలం ఉండదు. మరీ పెద్దదైతే నూనె నుంచి విడివడుతుంది. బయటి బొట్టు మరీ సన్నదైతే పేలకముందే ఆవిరైపోతుంది. నిలవ ఉంచితే నీరు అడుగుకు దిగవచ్చు, లోహం తుప్పు పట్టవచ్చు. కొన్ని నగరాలలో బస్సులను, కొన్ని ఓడలను దీనితో నడిపి చూసినా ఇది ఇంటింటి ఇంధనం కాలేదు. ప్రయోగశాలలలో దళసరి స్ఫటికపు కిటికీలు గల సిలిండర్లు అమర్చి, సెకనుకు వేల బొమ్మలు తీసే కెమెరాలతో ఒక్కొక్క బొట్టు చీలికను ఇప్పటికీ చిత్రిస్తున్నారు.

డీజిల్‌కు అటువంటి కిటికీ లేదు. ఆయన చూడగలిగినది పొగ రంగు, వినగలిగినది ఇనుము చప్పుడు. వాటిని బట్టే చీకటి సిలిండర్‌లో నూనె ఎలా చీలుతున్నదో ఊహించుకొన్నాడు. 1897 నాటి ఆ యంత్రం, మనిషికి దాదాపు రెట్టింపు ఎత్తున, మ్యూనిక్‌లోని జర్మన్ మ్యూజియంలో నిలిచి ఉన్నది.